మట్టిని మోయు గోడ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నారు. కొండవాలున ఇల్లు కట్టుకొన్నవానికి మూడవ పరీక్ష యొకటి మిగిలి యుండును. పెరటి వెనుక మట్టి జారకుండ గోడ కట్టి చూడుటయే ఆ పరీక్ష. ఇంటికి చేసిన అప్పు తీరకమునుపే వర్షాకాలము వచ్చును. వెనుకనున్న గట్టునుండి మొదట గులకరాళ్ళు, పిమ్మట మట్టిపెళ్ళలు జారి వంటయింటి గుమ్మము ముందు పడును. కొత్తరాయి, సిమెంటు, ఇనుము కొని గోడ కట్టింపవలెనన్న చేతిలో సొమ్ముండదు. అట్టివాని చూపు వీధి చివర కుప్పపోసి యున్న పాత స్లాబు ముక్కల మీదికి పోవుట సహజము. ఆ ముక్కలతోనే గోడ కట్టుకొనరాదా యని అతడడుగును. ప్రశ్న న్యాయమైనదే. కట్టుకొనవచ్చును. కాని ఎచ్చట పొదుపు చేయవచ్చునో, ఎచ్చట చేయరాదో తెలిసికొని కట్టవలెను. ఆ భేదమును వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ గోడను ప్రహరీగోడతో పోల్చరాదు. ప్రహరీగోడ తన బరువును తాను మోసికొని నిలుచును. గాలి తప్ప దానిని త్రోయువారు లేరు. మట్టిని నిలుపు గోడయో, రాత్రింబవళ్ళు వెనుకనుండి త్రోపుడు పడుచునే యుండును. అది గోడ రూపముననున్న కాపలాదారు. మన భాషలో దీనికి స్థిరపడిన పేరు లేకపోవుట వింతగ తోచును. పత్రికలు రక్షణగోడ యనుచున్నవి. మేస్త్రీలు రిటైనింగు వాలు అనుచున్నారు. నీటి నాపు కట్టడములకు మాత్రము మనకు పేర్లు కొల్లలు: కట్ట, గట్టు, కరకట్ట, అడ్డుకట్ట, ఆనకట్ట. చెరువులు త్రవ్వుకొని బ్రతికిన జాతికి అది సహజమే. అయితే ఆ అలవాటే ఇచ్చట మనలను త్రోవ తప్పించును. ఆనకట్ట పని నీటి నాపుట. ఈ గోడ పని మట్టి నాపి నీటిని విడుచుట. ఈ రెంటిని ఒకటిగ భావించుటవలననే పెక్కు గోడలు కూలుచున్నవి.

కొండల మీది కాపురములు

ఇది ఎక్కడనో పరదేశమున నున్నవారి సమస్య కాదు. విజయవాడలో ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురము కొండల వాలుల మీదను, విశాఖపట్టణపు కొండల అంచులందును ఎన్నియో కుటుంబములు ఇండ్లు కట్టుకొని యున్నవి. పల్లమున స్థలము కొనలేనివారు పైకి పోయినారు. ఇంటికి చదును కావలె గనుక కొండను నిలువుగ కోసినారు. కోసిన ముఖమునకు గోడ కావలసి వచ్చినది.

2024 ఆగస్టు 31వ తేదీన కుంభవృష్టి కురియగా మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై పడినది. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2025 ఏప్రిలు 30వ తేదీన సింహాచలమున చందనోత్సవము నాటి తెల్లవారుజామున వాన కురియుచుండగా, దర్శనమునకై వరుసలో నున్న భక్తులపై గోడ కూలి ఏడుగురు మరణించిరి. ఆ గోడ పాత సామగ్రితో కట్టిన పేదవాని గోడ కాదు, కొత్తగ కట్టినది. కావున కొత్త సామగ్రి వాడినంత మాత్రమున గోడ బలమైనది కాదు. పాత సామగ్రి వాడినంత మాత్రమున బలహీనమైనదియు కాదు. బలము సామగ్రిలో కొంత, కట్టిన తీరులో ఎక్కువ కలదు. ఈ రెండు దుర్ఘటనలు వానలోనే జరిగినవను విషయము పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

కూలుంబు గణితము

భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికి కూలుంబు పేరు పరిచితమే. విద్యుదావేశముల ఆకర్షణ వికర్షణలను గూర్చిన సూత్రము ఆయనది. కాని ఆ సూత్రమునకు పూర్వమే ఆయన గోడలను గూర్చి ఆలోచించెనని తెలిసినవారు కొద్దిమంది. ఆయన ఫ్రెంచి సైన్యమున ఇంజనీరు. 1764లో కరీబియను సముద్రమునందలి మార్టినీకు ద్వీపమునకు పోయి, కోట కట్టించు పనిలో ఏండ్ల తరబడి యుండెను. స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట 1773లో పారిసులోని విజ్ఞాన పరిషత్తు ముందు ఒక పత్రము చదివెను. అది 1776లో అచ్చయినది. గోడ వెనుక మట్టి యంతయు గోడను త్రోయదనియు, మేకు ఆకారమున నున్న ఒక భాగము మాత్రమే జారుటకు ప్రయత్నించుననియు, ఆ భాగపు త్రోపుడును లెక్కకట్ట వచ్చుననియు ఆయన చూపెను. 1857లో స్కాట్లండు వాడైన రాంకిను ఈ లెక్కను మరింత సులభము చేసెను.

ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. ఒక మీటరు ఎత్తు, ఒక మీటరు పొడవు గల గోడ ననుకొందము. వెనుకనున్న పొడి గరపనేల ఘనపు మీటరునకు సుమారు 1800 కిలోగ్రాములు తూగును. అట్టి మట్టి తన బరువులో సుమారు మూడవ వంతు పాలు ప్రక్కకు త్రోయును. పైన త్రోపుడు శూన్యము, అడుగున అధికము. కావున సగటు కొరకు సగము చేయవలెను. 1800లో మూడవ వంతు 600. అందులో సగము 300. అనగా గోడ ప్రతి మీటరు పొడవునకు 300 కిలోగ్రాముల బరువుతో సమానమైన త్రోపుడు పడుచున్నదన్నమాట.

ఎత్తును రెండు మీటర్లకు పెంచినచో త్రోపుడు రెండింతలగునని తోచును. అట్లు కాదు. అది ఎత్తు వర్గమును బట్టి పెరుగును. 300 కాస్త 1200 అగును. గోడను పడద్రోయు శక్తి యైతే ఎనిమిది రెట్లగును. ఏలన త్రోపుడు పెరుగుటయే గాక, అది గోడను పట్టు చోటు కూడ పైకి పోవును. "మరి రెండు వరుసలు వేసినచో పోయినదేమి?" అను మాట ఎంత ప్రమాదకరమో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇప్పుడు గోడ సంగతి చూతము. పాత కాంక్రీటు ముక్కలతో సున్నము, సిమెంటు లేక అర మీటరు మందమున పేర్చిన గోడ మీటరు పొడవునకు, సందులు పోగా, సుమారు 1000 కిలోగ్రాములు తూగును. పడద్రోయు శక్తికి 100 పాళ్ళు అనుకొన్నచో, నిలుపు శక్తికి 250 పాళ్ళు వచ్చును. నేలతో రాపిడి 500 కిలోగ్రాముల వరకు జారుడును ఆపగలదు. వచ్చుచున్న త్రోపుడు 300 మాత్రమే. గోడ నిక్షేపముగ నిలుచును. పైసా సిమెంటు లేదు, కొత్త రాయి లేదు. బరువే దాని బలము.

అదే గోడ వెనుక వాననీరు పోవు దారి లేక నిండినదనుకొందము. నీట మునిగిన మట్టి తేలికపడును గనుక దాని త్రోపుడు 300 నుండి సుమారు 170కి తగ్గును. కాని నీరు మట్టి వంటిది కాదు. మట్టి తన బరువులో మూడవ వంతే ప్రక్కకు త్రోయగా, నీరు తన బరువు నంతటిని ప్రక్కకు త్రోయును. మీటరు లోతు నీటి త్రోపుడు 500 కిలోగ్రాములు. రెండును కలిసి 670 అగును. రాపిడి ఆపగలిగినది 500 మాత్రమే. గోడ జారక తప్పదు. నిన్న బలమైన గోడ నేడు బలహీనమగుటకు నడుమ జరిగినదెల్ల ఒక రాత్రి వాన.

కావున ఈ విషయమంతటికి సారమైన మాట యిది: గోడకు శత్రువు మట్టి కాదు, మట్టిలో చిక్కుకొన్న నీరు. పొదుపు రాతిలో చేయుడు, నీటి దారిలో చేయకుడు.

సవరల పాఠము

ఈ సూత్రమును కూలుంబు పేరు వినకయే ఆచరించిన వారున్నారు. శ్రీకాకుళము, పార్వతీపురము మన్యముల నుండి ఒడిశా కొండల వరకు వ్యాపించి యున్న సవరలు కొండవాలులను మెట్లు మెట్లుగ మలచి వరి పండించుటలో పేరెన్నిక గన్నవారు. ఆ మెట్ల ముఖములకు వారు పేర్చినది చేనిలో దొరికిన రాయియే. సున్నమును, సిమెంటును కొనలేదు. పొలము చదును చేయుటకు అడ్డమైన రాళ్ళే పొలమును నిలుపు గోడలైనవి. రాతికి రాతికి నడుమ సందులుండుటచేత ఎక్కువైన నీరు క్రింది మెట్టునకు ఊరి దిగును. గోడ నీటితో పోరాడదు. నీరు పల్లమెరుగును, ఆ నీటికి అడ్డుపడక దారి యిచ్చిన గోడయే నిలుచును. వ్యర్థమను కొన్నదానితో కట్టుటయు, నీటికి దారి విడుచుటయు అను రెండు నీతులును ఆ మెట్ల పొలములందు కలవు.

శిథిలములతో కట్టు విధానము

మన పట్టణములలో నేడు పాత మిద్దెలు కూల్చి అంతస్తులు లేపుచున్నారు. కూల్చిన స్లాబులు, గోడలు, గచ్చులు ట్రాక్టర్ల కెక్కి రాత్రివేళ కాలువగట్లకును, చెరువు శిఖములకును చేరుచున్నవి. ఇట్టి వ్యర్థములను వేరుపరచి తిరిగి వినియోగింప వలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగ నిబంధనలు చేసినది. చెరువును పూడ్చు పెళ్ళ పెరటిని నిలుపు రాయి కాగలదు. ఇంటివారి నడిగినచో తీసికొనిపొమ్మని సంతోషముగ నిత్తురు. బండి కూలి మాత్రమే ఖర్చు.

ముక్కల నేరుటలో వివేకము కావలెను. పాత మేడకప్పు స్లాబులు పది పండ్రెండు సెంటీమీటర్ల మందమున, పైని క్రింద చదునుగ నుండును. గోడ పేర్చుటకు ఇంతకంటె అనువైన రాయి లేదు. సమ్మెటతో మోయదగిన ముక్కలుగ కొట్టి, బయటికి పొడుచుకొని వచ్చిన ఇనుప చువ్వలను కోసివేయవలెను. వ్రేలితో గీరినచో రాలు ముక్కలను, పూతపెచ్చులను, ఉప్పు తిన్న ఇటుకలను గోడలోనికి రానీయరాదు.

మొదట గోడ నిలుచు చోట ఇరువది ముప్పది సెంటీమీటర్ల లోతు కందకము త్రవ్వవలెను. పోసిన మట్టి మీద గాక, కదలని నేల మీద అడుగు వేయవలెను. కందకమున కంకర పరచి దిమ్మిసతో గట్టిగ కొట్టవలెను. అన్నిటికంటె పెద్ద ముక్కలు అడుగు వరుసకు చెందును. అడుగు మందము గోడ ఎత్తులో సగమునకు తగ్గరాదు. ఒక వరుస సందు మీద పై వరుస సందు పడరాదు. ఇటుక పనివారి కిది చెప్పనక్కరలేదు. ప్రతి వరుసలోను అక్కడక్కడ గోడ మందమంతయు సాగు పొడవైన ముక్కను అడ్డముగ వేసి ముందు వెనుకలను కలిపి బంధింపవలెను. గోడ నిటారుగ గాక కొండవైపునకు కొంచెము ఒరిగి యుండవలెను. మీటరు ఎత్తునకు పది పదిహేను సెంటీమీటర్ల వాలు చాలును. ఊగుచున్న ముక్క క్రింద చిల్లపెంకు దూర్చి, అది కదలకున్న తరువాతనే పై ముక్క వేయవలెను.

ఇక గోడకు కనబడని సగము. గోడ లేచుచుండగనే వెనుక అడుగు వెడల్పున శుభ్రమైన కంకర నింపుచు రావలెను. విరిగిన ఇటుకల నుండి, కాంక్రీటు నుండి జల్లించి తీసిన గట్టి ముక్కలు దీనికి పనికివచ్చును. పొడిని మాత్రము జల్లెడ పట్టి వేరుచేయవలెను. కంకరకు మట్టికి నడుమ వడపోత గుడ్డ పరచినచో మట్టి వచ్చి సందులు పూడవు. గోనెగుడ్డ కొన్ని నెలలలో చీకిపోవును గనుక దీనికి పనికిరాదు. అడుగున కన్నములు గల గొట్టము నొకదానిని నూరు సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు వాలుగ వేసి, దాని కొనను గోడ చివర బయటికి విడువవలెను. సిమెంటుతో కట్టిన గోడ యైనచో అడుగు భాగమున మీటరున్నరకు ఒకటి చొప్పున చేతిమందము గొట్టములు బయటివైపునకు వాలుగ పెట్టవలెను. చెరువుకు తూము ఎట్టిదో ఈ గోడకు ఆ గొట్టములు అట్టివి. గోడ పైభాగమున బంకమట్టి వేసి కొట్టి, వాననీరు గోడ వెనుకకు దిగకుండ ప్రక్కకు పోవునట్లు చిన్నకాలువ తీయవలెను. నల్లరేగడిమట్టిని గోడ వెనుక నింపరాదు. అది తడిసినచో ఉబ్బి గోడను త్రోయును, ఎండినచో బీటలు తీసి నీటిని లోనికి పిలుచును.

మీటరు కంటె ఎత్తైన గట్టును నిలుపవలసి వచ్చినచో ఒకే గోడను పెంచుటకంటె రెండు మెట్లుగ కట్టుట మేలు. క్రింది గోడకు పై గోడకు నడుమ దూరము, క్రింది గోడ ఎత్తునకు రెండింతలైన ఉండవలెను. లేనిచో పై గోడ బరువు క్రింది గోడ మీద పడును. నడుమనున్న చదునులో వట్టివేరు నాటవచ్చును. వేసవిలో చలువ పందిళ్ళకును, తట్టికలకును మనకు పరిచితమైన ఆ గడ్డి వేళ్ళు మూడు మీటర్ల లోతు వరకు నిటారుగ దిగి మట్టిని కుట్టిపెట్టును. అయితే వట్టివేరు గోడకు తోడు, గోడకు బదులు కాదు.

సంచులు, టైర్లు, విడువదగినవి

సిమెంటు సంచులలో గరపమట్టిని, పదింట ఒక పాలు సిమెంటు కలిపి నింపి, ఇటుకలవలె పేర్చి తడిపినచో చిన్నగోడ యగును. సంచి ఎండకు పిగిలిపోయినను లోపలి ముద్ద గట్టిపడి నిలుచును. సిమెంటు కలుపని ఒట్టి మట్టిసంచులు రెండు వేసవులు గడవకమునుపే చిరిగి మట్టిని వదలివేయును.

అరిగిన మోటారు టైర్లతో గోడ కట్టుట మరియొక విధానము. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున మైఖేలు రేనాల్డ్సు అను వాస్తుశిల్పి 1970ల నుండి టైర్లలో మట్టి కూరి ఇండ్లనే కట్టుచున్నాడు. సమ్మెటతో మట్టి కూరిన టైరు ఇద్దరు మనుషులు సైతము సులభముగ కదల్పలేనంత బరువగును. అయితే మన దేశమున ఇందు ఒక చిక్కు కలదు. టైరు మడతలో నిలిచిన గరిటెడు నీరు చాలును, డెంగీ జ్వరమును మోయు దోమ గ్రుడ్లు పెట్టుటకు. కావున టైరు నోటివరకు మట్టి కూరి, పైని మట్టి కప్పగలిగినవారే దాని జోలికి పోవలెను. అర్ధాంతరముగ విడిచిన టైర్లగోడ దోమల సత్రము.

కొన్నిటిని పెరటిలోనికి రానీయకుండుటయే మంచిది. పాత రైలుపట్టాల క్రింది చెక్కదూలములు చూడ ముచ్చటగ నుండును గాని, చెద పట్టకుండ వానికి పట్టించిన తారునూనె విషపదార్థము. కరివేపచెట్టు, ఆకుకూరల మడులు ఉన్నచోట అవి కూడవు. విరిగిన ఆస్బెస్టాసు రేకుల ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. వానిని కొట్టుటగాని, కంకరగ నింపుటగాని చేయరాదు. రంగుల డబ్బాలు, రసాయనముల పీపాలు కూడ ఇట్టివే.

పాతరాతికి మర్యాద

వ్యర్థముతో నిర్మించుట హీనమని తలచువారు చండీగఢు పోయి చూడవలెను. ఆ నగర నిర్మాణమునకై తొలగించిన గ్రామముల శిథిలములను, విరిగిన పింగాణిని, పారవేసిన సామగ్రిని రోడ్ల పర్యవేక్షకుడుగ నున్న నేక్‌చందు అను సామాన్య ఉద్యోగి ఏండ్ల తరబడి అడవిలో రహస్యముగ చేర్చి, గోడలు, బొమ్మలు, జలపాతములు కట్టెను. అది బయటపడిన పిమ్మట కూల్చివేయక 1976లో ప్రజలకు తెరచిరి. నేటికిని రాక్ గార్డెను పేర అది ప్రసిద్ధము. తిరువనంతపురమున స్థిరపడిన లారీ బేకరు, 2007లో మరణించువరకు, పాత తలుపులను, సీసాలను, పెంకులను వాడి చౌకయైన అందమైన ఇండ్లు కట్టెను. అక్కరలేని ఆడంబరమును తీసివేయుటయే ఆయన పొదుపు. అక్కరయైన బలమును ఆయన తీసివేయలేదు.

తెలుగు చదువుకొన్నవాడనగుటచే ఇచ్చట ఒక మాట చేర్చక తప్పదు. పాతరాయి యెల్ల వ్యర్థము కాదు. అమరావతి స్తూపపు శిల్పఫలకములు కొన్ని పద్దెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కాలమున కట్టడములకు రాయిగ పోయినవి. 1797లో కర్నలు మెకంజీ ఆ తావును చూచునాటికే నాశనము ఆరంభమైనది. మన పల్లెలలో గుడి శిథిలములందు, చెరువుకట్టలందు పడియున్న బండ మీద నాలుగు వంకర గీతలు కనబడినచో అది శాసనము కావచ్చును. మన భాషకు అదియే పుట్టుకపత్రము కావచ్చును. అట్టి రాతిని గోడలో పెట్టకమునుపు దగ్గరి పాఠశాలలోని ఉపాధ్యాయునికి చూపుట మేలు. కూలిన మేడ స్లాబు మనది. కూలిన చరిత్ర అందరిది.

మర్యాద పొరుగువానికి కూడ కలదు. మన పెరటిగోడ పడినచో అది మన పెరటిలో పడదు. క్రిందివాని ఇంటి మీద పడును. కావున మన గొట్టముల నీరు అతని గుమ్మము ముందు పడకుండ వీధికాలువకు చేర్చవలెను. గోడకు క్రింద గాని, పైన గాని ఇల్లున్నను, మీటరుకు మించి ఎత్తున్నను, గట్టున ఊటనీరు కనబడినను సొంతలెక్క చాలదు. ఇంజనీరును పిలిచి చూపవలెను. అతని కిచ్చు సొమ్మును ఖర్చులో వ్రాయరాదు. పాతరాతితో మిగిల్చినదానిలో నుండి ఇచ్చినట్లు భావింపవలెను. ఈ వ్యాసము చిన్నగట్టుల వారికే. నిలువుగ కోసిన కొండముఖము చిన్నగట్టు కాదు.

తరగతిలో ఒక పరీక్ష

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఒక గంటలో కన్నులకు కట్టింపవచ్చును. ఒక ప్రక్క తీసివేసిన రెండు చెక్కపెట్టెలు, ఇసుక, గచ్చుపలకల ముక్కలు, గుప్పెడు కంకర, ఒక ప్లాస్టికు కాగితము చాలును. రెండు పెట్టెలలోను తెరచిన ప్రక్కకు జానెడు ఎత్తున పలకముక్కలు పేర్చి వెనుక ఇసుక నింపవలెను. మొదటి గోడకు వెనుక ప్లాస్టికు కాగితము ఆనించి నీటికి దారి మూయవలెను. రెండవదాని వెనుక కంకర పోయవలెను. పిమ్మట రెండిటిలోను చెంబుతో మెల్లగ నీరు పోయవలెను. రెండవ గోడ సందుల నుండి నీరు కారిపోవును. మొదటి గోడ కడుపుతో నున్నట్లు ఉబ్బి ముందుకు జరుగును.

అప్పుడొక చురుకైన బాలుడు తప్పక అడుగును: "తడియిసుకతో పిచ్చుకగూళ్ళు నిలుచును గదా మాస్టారూ, నీరు శత్రువెట్లగును?" ఆ ప్రశ్న వచ్చినచో పాఠము సఫలమైనట్లే. కొంచెము తడి ఇసుకరేణువులను ఒకదానికొకటి అతికించును. సందులన్నియు నిండినప్పుడు అదే నీరు వానిని విడదీయును. 1925లో టెర్జాఘి అను ఆస్ట్రియా దేశస్థుడు మట్టిని గూర్చిన శాస్త్రమునకు పునాది వేసినది ఇట్టి విషయముల మీదనే. గూటిలో కాలు పెట్టి ఇసుక కప్పుకొన్న పిల్లవానికిని ఆ శాస్త్రజ్ఞునికిని నడుమ దూరము మనమనుకొన్నంత లేదు.

గోడ కట్టుటతో పని ముగియదు. ఏటేట మృగశిర కార్తెకు ముందు, తొలకరి పడకమునుపే, ఒక ఉదయము దానికై కేటాయింపవలెను. గొట్టములలో ఆకులు, ఎలుకమట్టి తీయవలెను. పైకాలువను శుభ్రపరచవలెను. గోడ ప్రక్కన నిలిచి ఒక కంటితో పొడవునా చూచి, ఎచ్చటనైన ఉబ్బినదా యని పరీక్షింపవలెను. వాన వెలిసిన తరువాత ఆ గొట్టముల నుండి నీరు కారుచుండుట కంటె ఇంటివానికి శుభవార్త లేదు. వాన కురిసియు గొట్టము పొడిగ నున్నచో ఆ నీరు గోడ వెనుకనే యున్నదని తెలియవలెను. ఆ రాత్రి ఆ గోడ నీడన పిల్లలను పరుండబెట్టరాదు.